కుర్చీతో ఫోకస్

మా బావ ఫోటోల సంగతి చెప్పాలంటే గుర్రం దగ్గర మొదలుపెట్టాలి. వయసులో ఉండగా ఆయన ఒక గుర్రాన్ని ఫోటో తీశాడు. అది ఎంత స్పష్టంగా వచ్చిందంటే, గుర్రం చెవి మీద వాలిన ఈగ మర్నాడు ఆయన ఫోటో షాపుకొచ్చి, తనకూ ఒక కాపీ కావాలని అద్దాల బీరువా చుట్టూ తిరిగింది. అబద్ధమైతే మా అక్కను అడగండి. ఈగ కాదు, జోరీగ అంటుంది. అంతే తేడా.

అలాంటి మనిషికి డెబ్బై దగ్గరపడ్డాక కళ్ళు మసకబారాయి. ఆ సంగతి నాకొక్కడికే చెప్పాడు. అక్కకు తెలిస్తే షాపు మూసేయమంటుందని ఆయన భయం. అది ఉత్త భయం కాదు. వీధి చివర స్టూడియో ముసలాయన జనం తలలు తెగ్గొట్టి ఫోటోలు తీస్తున్న రోజుల్లో అక్క తెగేసి చెప్పింది: "కళ్ళు పోయాక కూడా కెమెరా పట్టుకుంటే జనాన్ని మోసం చేసినట్టే. మనింట్లో ఆ రోజొస్తే షాపుకి తాళం నేనే వేస్తా."

అందుకని బావ ఒక ఉపాయం పన్నాడు. పాత కెమెరా పాడైందని చెప్పి, లోపల అద్దం లేని కొత్తరకం కెమెరా కొన్నాడు. అది తనంతట తనే మనిషి మొహం వెతుక్కుని, మొహంలో కన్ను వెతుక్కుని, దాని మీద ఆకుపచ్చ గడి వేసి ఫోకస్ చేసుకుంటుంది. కెమెరాకే కళ్ళుంటే ఇక తన కళ్ళతో పనేముంది? లెన్సులు మాత్రం పాతవే. అవి కొత్త కెమెరాకి నేరుగా పట్టవు కనుక మధ్యలో అడాప్టర్ అనే మందపాటి రింగు బిగించాలి. ఆ రింగుకున్న ఇత్తడి చుక్కల్లోంచి కెమెరా మాట లెన్సుకు చేరుతుంది, లెన్సు తన మోటారు తిప్పుకుంటుంది. షాపులో, కిటికీ వెలుగులో పొడుగు లెన్సు పెట్టి చూస్తే బ్రహ్మాండంగా పనిచేసింది. బావ నాకు కన్ను కొట్టాడు. ఆ కంటికి నేను కనబడ్డానో, నా వెనక క్యాలెండర్ కనబడిందో ఆయనకే తెలియాలి.

ఆ ధైర్యంతో అట్టపెట్టెల ఫ్యాక్టరీలో గుర్తింపు కార్డుల ఫోటోలు ఒప్పుకున్నాడు. అందరివీ ఒక్క రోజులో అయిపోవాలి. ఫోటోలకు ఆయన, కంప్యూటర్‌కు అక్క, వెనక తెల్లగుడ్డ కట్టడానికీ, సామాను మోయడానికీ నేను. క్యాంటీన్ గదిలో చోటిచ్చారు. ట్యూబులైట్లలో సగం వెలగవు. షిఫ్టు దిగినవాళ్ళు వరసలో నిలబడ్డారు, జుట్టు నిండా అట్టపొడి, నిలబడే కునికే మొహాలు. ఒకాయన గోడకి ఆనుకుని నిజంగానే గురకపెట్టాడు. వరస కదిలినప్పుడల్లా వెనకాయన ఆయన్ని అట్టపెట్టెలాగే ముందుకు జరిపాడు.

మధ్యాహ్నం దాకా పొడుగు లెన్సు ఎలాగో ఈడ్చుకొచ్చింది. తర్వాత ఆ మసక వెలుగులో దానికి దిక్కుతోచలేదు. కర్ర్‌మని ముందుకి పోతుంది, కర్ర్‌మని వెనక్కి వస్తుంది, ఎక్కడా నిలవదు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో మరిచి ఇల్లంతా తిరిగే నాలాగా. బావ రింగు ఊడదీసి, ఇత్తడి చుక్కల్ని చొక్కా అంచుతో తుడిచి, ఊది, మళ్ళీ బిగించాడు. లెన్సు ఒక్కసారి మూలిగింది. మోటారు ఆగిపోయింది.

"ఏమైంది?" అంది అక్క, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా.

"అలిసిపోయింది."

"మనమూ అలిసిపోయాం. ఆగామా?"

సంచిలో ఇక మిగిలింది పొట్టి లెన్సు ఒక్కటే. బావ దాన్ని బిగించి బటన్ నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ నొక్కాడు. అప్పుడు ఆయనకి గుర్తొచ్చింది. ఆ లెన్సులో అసలు మోటారే లేదు. పాత కెమెరా కడుపులో ఉన్న మోటారు ఒక చిన్న ఇరుసుతో దాన్ని తిప్పేది. కొత్త కెమెరాలో ఆ ఇరుసూ లేదు, మా రింగులో అంతకన్నా లేదు. పొడుగు లెన్సు ఒక్కటీ సరిచూసుకుని, దీన్ని అలాగే సంచిలో పడేసి వచ్చాడు మహానుభావుడు. ఇక చేత్తో తిప్పి, కంటితో చూసి ఫోకస్ చెయ్యాలి. అక్క ఎదురుగా.

"ఒరే, ఆ సూపర్‌వైజర్ కుర్చీ పట్రా" అన్నాడు నా చెవిలో.

కింద చక్రాలున్న కుర్చీ అది. బావ లెన్సును ఒక దూరం దగ్గర ఆపి, కదలకుండా టేపు వేసేశాడు. ఇక లెన్సు తిరగదు. మనిషే ముందుకీ వెనక్కీ తిరగాలి. తోసేవాణ్ణి నేను. మొదట ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ కూర్చున్నాడు.

"పొద్దున్నుంచీ నేనే అన్నిటినీ తోస్తున్నా. నన్ను తోసేవాడు ఇన్నాళ్ళకి దొరికాడు" అన్నాడు.

"రివర్స్‌లో హారన్ కొట్టాలా పెద్దమనిషీ?" అన్నాను.

"ఆ, చాలు చాలు" అని బావ అందాజు మీద బటన్ నొక్కాడు.

అక్క ఆ ఫోటోను కంప్యూటర్‌లో పెద్దది చేసింది. చెవులు వెంట్రుకలతో సహా దివ్యంగా వచ్చాయి. కళ్ళున్న చోట మాత్రం పొగమంచు.

"ఇంకోటి తీయండి" అంది.

ఈసారి వెనక తెల్లగుడ్డ మడతలు అద్భుతంగా వచ్చాయి.

"ఏమ్మా, గేటు దగ్గర నా చెవులు చూసి లోపలికి పంపిస్తారా?" అన్నాడు డ్రైవర్, వంగి చూసి. వరసంతా నవ్వింది. బావ నవ్వలేదు. టేపు పీకి మళ్ళీ అంటించబోయాడు గానీ టేపు చివర దొరకలేదు. గోరుతో చుట్టంతా గీకుతూనే ఉన్నాడు.

అక్క లేచి వచ్చి, ఆయన చేతిలోంచి టేపు తీసుకుని బల్లమీద పెట్టింది. కెమెరా వెనక తెరకి మొహం దగ్గరగా పెట్టింది.

"తమ్ముడూ, కొంచెం వెనక్కి. ఇంకొంచెం. ఆపు. ఏవండీ, నొక్కండి."

నొక్కాడు. ఈసారి డ్రైవర్ కళ్ళలో ట్యూబులైట్ గీతలు కూడా కనబడ్డాయి.

ఆ తర్వాత అలాగే నడిచింది. చూపు అక్కది, వేలు బావది, మోటారు నేను. జీతం లేని మోటారు, పైగా నూనె కూడా లేదు. పెట్టెలు మోసే వస్తాదు కూర్చున్నప్పుడు నా నడుంలో చప్పుడు గోడ అవతలికి, యంత్రం మోతని దాటి వినబడిందట. ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకోలేదు. చూసుకునే ఓపిక లేదు.

తర్వాతి షిఫ్టు దిగేలోపు కాస్త ఖాళీ దొరికింది. కాగితం కప్పుల్లో టీ తెచ్చాను.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు బావ, కప్పులోకి చూస్తూ.

"ఫోటోలు కంప్యూటర్‌లో చూసేదెవరు? ఒకప్పుడు మనిషికి రెండు తీసేవారు. ఇప్పుడు పాతిక తీస్తున్నారు. వాటిల్లో పనికొచ్చేది ఏరి, మిగతావి చెరిపేస్తున్నాను. ఏరి ఏరి నా కళ్ళు పోయేట్టున్నాయి."

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని."

"తాళం వేసేస్తావని..."

"వెయ్యాలనే పొద్దున్నే తాళం చేత్తో పట్టుకుంటాను. మీరు రోజంతా ఇంట్లో కూర్చుని నా వంటకి వంకలు పెట్టడం కళ్ళముందు మెదులుతుంది. మళ్ళీ తలుపు తీస్తాను."

నేను నవ్వాను. బావ నా వైపు తిరిగి, "నువ్వు చెప్పావా?" అన్నాడు.

"వాడు చెప్పడమేంటి? వాడు అబద్ధాలు తప్ప ఏం చెప్పడు" అంది అక్క. ఆ మాటలో నిజముంది కాబట్టి ఊరుకున్నాను.

టీ అయిపోయాక అక్క, "కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళదాం" అంది.

"కత్తి పెడతారు."

"పెట్టనివ్వండి. అప్పటిదాకా బటన్ నేను నొక్కుతా."

"తర్వాత?"

"కనబడితే మీరు. కనబడకపోతే నేనే."

సైరన్ మోగింది. గుమ్మంలోంచి మళ్ళీ జనం రాసాగారు, అదే పొడి, అవే కాళ్ళీడ్పులు. బావ తన మెడలోంచి కెమెరా పట్టీ తీశాడు. దాని కింద చొక్కా చెమటకి అంటుకుపోయి ఉంది. పట్టీ అక్క మెడలో వేసి, తిరగబడ్డ చోట సరిచేశాడు. తర్వాత నా దగ్గరికొచ్చాడు.

"జరుగు. నీ నడుం విరిగింది, ఇక పనికిరావు."

తెల్లగుడ్డ పక్కన నేల మీద చతికిలబడ్డాను. అట్టలకి గమ్ పూసే యంత్రం దగ్గర పనిచేసే ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది.

"తెరవాలమ్మా" అన్నాడు బావ. "అవి లేకపోతే ఫోటో రాదు."

"వెనక్కి లాగండి" అంది అక్క.

"ఎంత?"

"నేను ఆపమనేదాకా."

బావ కుర్చీ వీపు రెండు చేతులా పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ లాగాడు. కెమెరా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తల వంచుకుని, అక్క ఎప్పుడు ఆపమంటుందా అని వింటున్నాడు.