వినడానికి కళ్ళద్దాలు

"మీరు చెప్పలేకపోతే నేనే చెప్తాను. ఇవాళే చెప్తాను," అంది ఆమె, పాలు పొంగకుండా స్టవ్ మంట తగ్గిస్తూ.

"నేను చెప్పనని ముందే అన్నాగా. తల్లి పోతే నన్ను ఎత్తుకు పెంచిన మనిషి. నీకు రేపట్నుంచి బైబిలు వాక్యం చదివేవాళ్ళు లేరు పెద్దమ్మా అని నా నోటితో ఎలా అనమంటావ్?" భర్త గడ్డం గీసుకుంటున్న చెయ్యి ఆపి అద్దంలోంచే అన్నాడు. మొహానికి ఒక పక్క నురగ అలాగే ఉంది.

"లేకపోవడమేంటి? మీరు చదవండి."

"నేను చదివితే నిద్రొస్తుందట. ఆవిడే చెప్పింది."

కూతురు నవ్వాపుకోలేకపోయింది. "నాన్న చదివితే నాకూ వస్తుంది. పోనీ మామ్మకి ఫోన్లో పెట్టేద్దాం. చదివి పెట్టినవి బోలెడున్నాయి."

"పెట్టి చూశాంగా. 'వీడెవడో నేను ఊకొడుతున్నా ఆగడేంట్రా, వెనకాల ఎవరో తరుముతున్నట్టు' అని తీసెయ్యమంది." అతను మళ్ళీ అద్దంలోకి తిరిగాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఆదివారం ఆరాధనకి రావడం కూడా మానేస్తావా?"

ఆమె గిన్నె దించి, మసిగుడ్డ మడిచి, చెప్పులు వేసుకుంది.

ఏం కష్టం వచ్చిందని సంఘంలో చాలామంది అడిగారు. చెప్పుకోవడానికి ఏ కష్టమూ రాలేదు. అదే ఆమెకు సిగ్గు. ఇంట్లో ఎవరూ పోలేదు, ఎవరూ మంచాన పడలేదు. అడుగున సన్నటి చీలిక పడ్డ కుండలా, తేమ కూడా కనపడకుండా లోపలిది ఖాళీ అయిపోయింది. ప్రార్థనకు మోకరిస్తే గదిలో ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళిపోయినట్టుండేది. కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది, తలుపు రెక్క ఇంకా కదులుతూనే ఉంది, మనిషి మాత్రం లేరు. ఆ ఖాళీ వైపు చూస్తూ మాట్లాడాలంటే ఆమెకు భయమేసేది. క్రమంగా మానేసింది. మిగిలింది సాయంత్రం పూట పెద్దత్తయ్యకు వాక్యం చదవడం ఒక్కటే. అదీ ఇక ఆమె వల్ల కావడం లేదు. నమ్మకం లేని నోటితో చూపు లేని మనిషిని మోసం చేస్తున్నట్టుంది.

ఆమె పని ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేయడం. నేలమాళిగలో పొడవాటి గది, గోడవారన ఆవిరి గొట్టాలు, కిటికీలు కప్పుకు దగ్గరగా ఉండటంతో వీధిలో నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపించేవి. ఉతికి ఆరిన దుప్పటిని బల్ల మీద పరిచి, అరచేత్తో ఒకసారి నిమిరి, నడిమి నుంచి అంచులకు ఇస్త్రీపెట్టె నడిపేది. ఎంత ఉతికినా కొన్ని మరకలు పోవు. లేతగా, పటంలో దేశాల్లా ఉండిపోతాయి.

ఒకప్పుడు ఆమెకో అలవాటుండేది. దుప్పటి పరిచి నిమిరేటప్పుడు, దాని మీద ఎవరు పడుకోబోతారో వాళ్ళ కోసం ఒక్క మాట అనుకునేది. పైకే గొణిగేది. ఇప్పుడు నిమురుతుంది కానీ మాట రాదు. పెట్టె వేడికి బట్టలోంచి లేచే ఆవిరి ఒక్కోసారి పడుకున్న మనిషి ఆకారంలో కనిపించి, ఎవరో తమ వంతు మాట కోసం ఎదురు చూస్తున్నట్టనిపించి, చూపు తిప్పుకునేది.

"ఏంటక్కా, దుప్పట్లతో మాట్లాడటం మానేశావ్?" అడిగింది అవతలి కొస పట్టుకుని మడతలు పెట్టే ఆవిడ.

"మానేసి చాలా రోజులైంది. నువ్వు ఇవాళ చూశావా?"

"చూస్తూనే ఉన్నా. అడిగితే కసురుతావని ఊరుకున్నా. దుప్పట్లు అలిగాయేమోలే."

"అలిగింది దుప్పట్లు కాదు," అంది ఆమె. ఇద్దరూ కొసలు కలిపారు.

పని దిగి, సందు తిరిగి, మరిది వాళ్ళింట్లో పెద్దత్తయ్య ఉండే గదికి వెళ్ళేసరికి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ముసలావిడ కుర్చీలో కూర్చుని ఉంది. దుప్పటి మోకాళ్ళ దాకా కప్పుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చెవి తలుపు వైపు పెట్టి.

"కోడలా, ఇవాళ అడుగు బరువుగా పడుతోందేం?"

"నించుని నించుని కాళ్ళు పీకుతున్నాయి అత్తయ్యా."

"అది కాళ్ళ బరువులా లేదులే. ముందు నా కళ్ళద్దాలియ్యి."

చూపు పోయి ఏళ్ళయినా ఆవిడ కళ్ళద్దాలు లేకుండా వాక్యం వినదు. అవి ఉంటేనే సరిగ్గా వినబడుతుందంటుంది. ఆమె రోజూలాగే అద్దాలు తీసి, కుడి అద్దం మీది మరక మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టింది. పెద్దత్తయ్య రోజూలాగే వాటిని సర్దుకుంటూ కుడి అద్దాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కింది. మళ్ళీ ముద్ర పడింది. ఆ సంగతి ఆవిడకు తెలియదు.

ముందే చెప్పేద్దామనుకుంది. కానీ పుస్తకం తెరిచి, చాలా దూరం వెళ్తున్నట్టు కాగితాలు గలగలలాడించి, అన్నిటికన్నా చిన్న కీర్తన దగ్గర ఆగింది. ఊపిరి తీసేలోగా అయిపోతుంది. కొన్ని నెలలుగా చదువుతున్నది అదొక్కటే.

"ఊఁ," అంది పెద్దత్తయ్య మొదటి మాటకు. "ఊఁ," అంది రెండో దానికి. తర్వాత నవ్వింది. "కాగితాలు మాత్రం బాగా తిప్పుతావే అమ్మాయ్."

ఆమె చేతిలో పుస్తకం జారబోయింది. "మీకు తెలుసా?"

"కళ్ళు పోయాయి కానీ మతి పోలేదు. ఒకే కీర్తన ఇన్ని సాయంత్రాలా?"

"తెలిసీ ఎందుకు ఊకొట్టారు?"

"నేను మానేస్తే నువ్వు ఆపేస్తావని."

ఆమె తల దించుకుంది. పొద్దున్నుంచీ గొంతులో పెట్టుకున్నది అప్పుడు చెప్పింది. "నాలో ఏం లేదత్తయ్యా. చదువుతుంటే ఖాళీ ఇంట్లో మాట్లాడుతున్నట్టుంది. రేపట్నుంచి రానని చెప్దామనే వచ్చాను."

పెద్దత్తయ్య కోపం తెచ్చుకోలేదు, ఓదార్చనూ లేదు. తడుముకుంటూ ఆమె మణికట్టు పట్టుకుని, ఇస్త్రీపెట్టె కాల్చిన పాత మచ్చను వేలితో నిమిరింది.

"మా ఆయన పోయాక నాకూ అలాగే అయింది. నోరు విప్పితే గాలి. ఆరాధనలో పక్కావిడ పాడుతుంటే ఊరికే పెదాలు కదిపేదాన్ని. మన పొయ్యిలో నిప్పు ఆరిపోతే పక్కింటికెళ్ళి తెచ్చుకోమూ? అందులో సిగ్గేముంది? నిప్పు నిప్పే, ఎవరింటిదైతేనేం."

"ఎన్నాళ్ళకు రాజుకుంది?"

"రాజుకుందని ఎవరు చెప్పారు నీకు? కొన్ని రోజులు ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు. పొయ్యి దగ్గర మాత్రం కూర్చునే ఉన్నా." చెయ్యి వదిలేసి వెనక్కి వాలింది. "దాని తర్వాతది చదువు. నేను నమ్ముతుంటాను, నువ్వు చదువుతుండు. ఎల్లుండి మార్చుకుందాం."

తర్వాతది పొడుగ్గా ఉంది. ఆమె మొదలుపెట్టింది. మొదట్లో మాటలు ఎప్పటిలాగే పొడిగా రాలాయి. పెద్దత్తయ్య ప్రతిదానికీ ఊఁ అంటోంది. కిటికీలో ఎండ గోడ మీదకు పాకింది. ఊఁకూ ఊఁకూ మధ్య ఎడం పెరిగింది. తర్వాత వినపడలేదు.

నిద్ర పట్టిందనుకుంది. ఆపేయొచ్చు. ఆపితే అడిగేవాళ్ళు లేరు. అయినా చదివింది. వినేవాళ్ళు లేకుండా, తనకు తానుగా, చాలా కాలానికి మొదటిసారి. చివరి వాక్యం ముగిశాక, గదిలో ఆ ఖాళీ ఎప్పటిలాగే నిలబడి ఉంది. ఆమె ఈసారి చూపు తిప్పుకోలేదు.

"ఊఁ," అని వినపడింది.

తలెత్తి చూసింది. పెద్దత్తయ్య తల పక్కకు వాలి ఉంది. ఒళ్ళోని చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

వీధి చివరి డాక్టరు వచ్చి చూసి, ప్రాణం పోయి కొంతసేపైందన్నాడు. మరి ఆ చివరి ఊఁ ఎవరిదని అడగబోయి, ఆమె పుస్తకం మూసింది.

చీకటి పడే వేళకు ఇంటివాళ్ళంతా ఆ గదిలో చేరారు. భర్త గోడకానుకుని కూర్చున్నాడు. పొద్దున తొందరలో గీసుకున్న గడ్డం ఒక పక్క గరుగ్గా మిగిలిపోయింది. కూతురు అతని భుజం మీద తల పెట్టుకుంది. మరిది తల వంచుకుని తలుపు దగ్గర నించున్నాడు.

"రోజూ శ్రమ పడ్డావు పాపం," అంది తోటికోడలు మెల్లగా. "ఇక నీక్కాస్త తెరిపి."

భర్త ఆమె వైపు చూశాడు. పొద్దున తను అడిగిన ప్రశ్న ఇంకా ఆ చూపులో ఉంది.

"రేపు ఇదే వేళకి మనింట్లో చదువుతాను," అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఎల్లుండీ చదువుతాను. ఆదివారం ఆరాధనకూ వస్తాను. నాలో ఏమన్నా ఉండనీ, లేకపోనీ. ఊకొట్టేవాళ్ళు కొట్టండి. లేకపోతే ఊరికే కూర్చోండి."

కూతురు లేచి, మామ్మ మొహం మీంచి కళ్ళద్దాలు జాగ్రత్తగా తీసి, తుడవబోయి అమ్మ వైపు చూసింది. ఆమె వద్దన్నట్టు తలూపింది.

కిటికీ అంచు మీద పెట్టిన కళ్ళద్దాల్లో, కుడి అద్దం మీద, ఇక మళ్ళీ పడని బొటనవేలి ముద్ర.