గొంతు లేని కథ

పంటి కింద దారపు కొస పట్టుకుని, ఆ పూటకి ఆఖరి చొక్కాకు గుండీ కుడుతోంది గుండీలమ్మ. యూనిఫాంలు కుట్టే ఆ కార్ఖానాలో ఏ గుండీ అయినా ఆమె చేతిమీదుగా పోవలసిందే. చూపుడువేలు సూదిపోట్లకు కాయ కాసింది. కళ్ళద్దాల కాడ విరిగితే దానికీ దారమే చుట్టింది. అసలు పేరు పెట్టి పిలిచేది అక్క ఒక్కతే.

చిక్కంతా ఆ అక్కతోనే. అక్క చదువుకున్న మనిషే, జబ్బుచేసి చెవులు పోయాయి. చెల్లెలి చెవులు శుభ్రంగా ఉన్నాయి కానీ అక్షరం ముక్క రాదాయె. ఈమె ఫోన్ చేస్తే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆమె మెసేజ్ పెడితే పక్కింటావిడ చదివి చెప్పాలి. అక్కాచెల్లెళ్ళ మాటల మధ్య పక్కింటావిడేమిటి, విడ్డూరం కాకపోతే! అందుకే ఈ వయసులో కార్ఖానా మేడమీద సాయంత్రం బడిలో చేరింది.

ఆ బడి టీచరు పద్ధతే వేరు. ఎవరి కథ వాళ్ళు ఫోన్లో ఫొటోలు తీసి, సొంత గొంతుతో చెప్పాలి. ఆ మాటలే బొమ్మల కింద అక్షరాలుగా పెట్టి, గోడమీద సినిమాలా ఆడించి చదివిస్తుంది. ఇవాళ గుండీలమ్మ వంతు.

"గొంతు కూడా పెడదాం పెద్దమ్మా, కథకు ప్రాణమొస్తుంది," అంది టీచరు.

"వద్దమ్మా. మా అక్కకి వినపడదుగా. అక్షరాలు నేనే కొడతా, నువ్వు చెయ్యి పెట్టకు."

కాయ కాసిన వేలికి ఫోను పలకలేదు. బొటనవేలితో వెతికి వెతికి నొక్కింది. వేలి ఫొటో కింద 'ఇది నా వేలు'. గుండీల డబ్బా ఫొటో కింద 'ఇవి నా గుండీలు'. తన మొహం కింద 'అక్కా, నేనే రాశాను'. గోడమీద బొమ్మలు చప్పుడు లేకుండా కదిలాయి. అందరూ గొంతు కలిపి చదివారు. ఆమె దాన్ని అక్కకు పంపి, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కాసేపటికి ఫోను మోగింది. అక్క కూడా బొమ్మే పంపింది. నీలం స్వెటరు, నడిమి గుండీ లేదు, కింద అక్షరాలు. టీచరు తొంగిచూడబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగమ్మా, నన్ను చదవనీ."

కూడబలుక్కుని చదివింది. 'గుండీ ఊడింది. ఆదివారం వచ్చి కుట్టు. ఇన్నాళ్ళూ ఏం చేశావే మొద్దూ!'

ఆ తిట్టు అచ్చంగా అక్క గొంతుతోనే వినపడింది. గుండీలమ్మ నవ్వుతూనే ఏడ్చింది. "చూశావా, మెచ్చుకోడం చచ్చినా రాదు మా అక్కకి!"

వెళ్తూ వెళ్తూ డబ్బాలో వెతికి ఒక నీలం గుండీ ఏరి, రుమాలు కొసన ముడివేసుకుంది.

శనివారం తెల్లారేసరికి అక్క కొడుకు ఫోన్ చేశాడు.

"అమ్మ నిద్దట్లోనే పోయింది పిన్నీ. రాత్రి నీ బొమ్మలే చూసుకుంటూ పడుకుంది."

ఆ రుమాలుతోనే బస్సెక్కింది. అన్నీ అయ్యాక, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, అక్క గదిలో కూర్చుని సూదిలో దారం ఎక్కించింది. కళ్ళు మసకేసినా చెయ్యి తప్పలేదు. కుట్టి, దారం పంటితో తెంపింది.

కిటికీ పక్క కుర్చీ వీపున, పైనుంచి కిందిదాకా గుండీలన్నీ పెట్టి, నీలం స్వెటరు తగిలించి ఉంది.