వాన కారే పక్క

"ఆ గిన్నె రవంత పక్కకు జరుపు మే. టంగు టంగుమని చప్పుడుకు నిద్ర పట్టల్యా" అన్నాడు మా ఆయన, దుప్పటి ముసుగులోంచే.

గిన్నె నా మంచం మీద ఉంది. వాన కారతాండేది నా మంచం మీదనే. నేను దిండు చంకన పెట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, గోడకానుకుని కూర్చోనుండా. గిన్నె జరిపితే నీళ్ళు పరుపులోకి పోతాయి, జరపకుంటే ఆయన నిద్ర చెడతాది. ఏం చేసినానంటారా? గిన్నెలో నా తువ్వాలు మడిచి వేసినా. చప్పుడు ఆగింది. ఇన్నేండ్ల కాపురంలో ఇట్లాంటి తెలివితేటలు నాకు బాగానే వచ్చినాయి లెండి.

మాది రాయచోటి పక్క. నేను గురవమ్మను, ఆయన మునిస్వామి. మనవరాళ్ళు కాలేజీకి పోయే వయసొచ్చినా మేమిద్దరం సౌదీలో ఈ హుఫూఫ్ ఊర్లో ఒకే ఇంట్లో పనిచేస్తాండాం. ఆయన డ్రైవరు. నేను వంట, ఇల్లు, బట్టలు, పిల్లోళ్ళు, ముసలామె కాళ్ళు పిసికేది, ఇంకా పేరు లేని పనులు. ఈ ఊర్లో ఇండ్లన్నీ సమంగా మిద్దెలే. మా గదొక్కటే వేరే. ఖర్జూరం తోటలో అమెరికా మాదిరి చెక్క ఇల్లు కావాలని మా కఫీల్, అదే మా యజమాని, ముచ్చటపడి కట్టించుకుని, నాలుగు శుక్రవారాలు కూర్చుని, మోజు తీరి మాకిచ్చేసినాడు. రెండు వైపులా వాలు కప్పు. దాని మీద మట్టి పెంకులు కాదు, తారు పెంకులు. అట్ట మాదిరి పల్చగా, పైన ఉప్పుకాగితం మాదిరి గరుకుగా ఉంటాయి. ఎండకు పెళుసెక్కి గాలికి ఎగిరిపోయినాయి. నడికొప్పుకు అటు వాలు కింద ఆయన మంచం, ఇటు వాలు కింద నాది. ఎగిరిపోయిందేమో నా పక్క.

పోయిన వానకే చెప్పినా. "చూద్దాంలే" అన్నాడు. పోనీ నా మంచం నీ పక్కకు జరుపుకుంటానంటే, "నాకు గాలాడదు మే. పొద్దున్నే బండి తోలాల. నిద్ర చాలకుంటే యాక్సిడెంటు అవుతాది" అన్నాడు. నిజమే. నిద్ర చాలక నా చేతిలో అన్నం మాడితే ఎవురూ చావరు కదా. మామా ఆయేషాకు చెప్పినా. యజమానురాలిని ఇక్కడ మామా అనే పిలుస్తాం, నా కూతురి కంటే చిన్నది ఆమె. "మునీకి చెప్పు, చేస్తాడు" అనింది. కారేది నా నెత్తినే అయినా, కప్పు సంగతి మాట్లాడేదానికి మునీనే కావాల.

ఆ తెల్లవారుజామున గాలి ఒక్క విసురు విసిరింది. కప్పు మీద ఫట్‌మని ఏందో చిరిగింది. మా ఆయన ఎగిరి కూర్చున్నాడు.

"మే! నా కాళ్ళు తడిసినాయి!"

అంతే. ఇన్నాళ్ళ "చూద్దాంలే" కాస్తా "ఈ పొద్దే అయిపోవాల" అయింది. నాకు నవ్వాగలేదు. దిండులో మొగం పెట్టుకుని నవ్వినా.

ఆ పొద్దు శుక్రవారం. కఫీల్ వాళ్ళు తామే బండి తోలుకుని బంధువుల ఇంటికి పోయినారు. ఆ గది కట్టిన వడ్రంగి షాబాజ్‌ను పిలిచినాం. పాకిస్తానీ ఆయన, మంచోడు. అయితే కాలు విరిగి సిమెంటు కట్టుతో ఉండాడు. తన దగ్గర మిగిలిన పెంకుల కట్ట తెచ్చి, చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "ఇవి ఒక పక్కకే చాలుతాయి. రెండో పక్కకు దమ్మాం నుంచి తెప్పించాల, వచ్చే వారం" అని హిందీలో చెప్పినాడు. సాయంత్రం మళ్ళీ వానంట.

మా ఆయన లుంగీ ఎగ్గట్టి నిచ్చెనెక్కినాడు. రెండు మూడు మెట్లెక్కి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అట్లే దిగినాడు. "తల తిరుగుతాంది. బీపీ" అన్నాడు.

షాబాజ్ నా పక్క చూసినాడు. "ఖాలా ఎక్కుతాదా?" అన్నాడు. ఖాలా అంటే వాళ్ళ మాటలో పిన్నమ్మ.

"ఆడది కప్పెక్కేదేంది! కింద మగోడుంటే వాని నెత్తిన నిలబడినట్టు గాదా?" అన్నాడు మా ఆయన.

అది మా అత్త మాట. నేను కాపురానికొచ్చిన కొత్తలో కోతులు మా ఇంటి పెంకులన్నీ తిప్పేస్తే, సర్దుదామని నేనెక్కబోయినా. "దిగు! మీ మామ లోపల పండుకోనుండాడు" అని వీధి దద్దరిల్లేట్టు అరిచింది. ఆ పొద్దంతా పెంకులు మోసి అందించింది నేను. ఎక్కింది మా మరిది. బాగా సర్దినాడని పేరు కూడా ఆయనకే.

"అయితే నువ్వు లోపల ఉండాకు. బయటికొచ్చి నిచ్చెన పట్టుకో. నా కింద ఎవురూ ఉండరు" అన్నా. షాబాజ్‌కు తెలుగు రాదు గానీ మా ఆయన మొగం చూసి పకపకా నవ్వినాడు.

ఎట్ల చేయాల్నో కిందనే ఒక చెక్క మీద చూపించినాడు. పై వరస పెంకు తారుతో అతుక్కోనుంటుంది. దోసె అంచు లేపినట్టు నిమ్మళంగా లేపి, పాత మేకులు పీకి, కొత్త పెంకు కిందికి దూర్చి, మేకులు కొట్టి, తారు పూసి అదమాల. మొదటిది నేను చించేసినా. షాబాజ్ తిట్టినాడు. రెండోది కుదిరింది. వంటింట్లోంచి అట్లకాడ తెచ్చుకుని, కుచ్చెళ్ళు దోపుకుని ఎక్కినా.

నడికొప్పు మీద అటో కాలు ఇటో కాలు వేసి కూర్చున్నా. అబ్బ! ఖర్జూరం తలలు నా ఎత్తున ఊగతాండాయి. నేను రోజూ తుడిచే పెద్దిల్లు కూడా అంత పెద్దదేం కాదు ఆడ్నించి చూస్తే. భయమే కాలేదు. ఎప్పుడో మర్చిపోయిన కలుపు పాట కూడా నోట్లోకొచ్చింది.

"ముందు నా పక్క ఎయ్యి మే! కుడి పక్క!" అని కింద నుంచి కేక.

నిజం చెప్తాండా, నా చెయ్యి కుడికే పోయింది. చేతికి అలవాటు. మొదటి సంగటి ముద్ద ఆయనకు. కోడికూరలో తొడ ముక్క ఆయనకు. బస్సులో కిటికీ పక్క సీటు ఆయనకు, వాంతులయ్యేది నాకైనా. ఆయన చెడ్డోడు కాదు. తాగడు, కొట్టడు. నా పక్క కారతాంటే నేను తడుస్తానని ఆయనకు తోచలేదు, అంతే. తోచకపోతే తప్పేముందిలే అనుకుంటానే ఇన్నేండ్లు గడిపేసినా. కానీ పైన కూర్చుని చూస్తే రెండు వాలులూ సమానంగా ఉండాయి. ఒకటి పెద్దదీ కాదు, ఇంకోటి చిన్నదీ కాదు. సాయంత్రం వానొస్తే ఒక మంచం తడవాల. ఏ మంచమనేది ఈ ఒక్క పొద్దు నా చేతిలో ఉండాది.

ఎడమకు తిరిగినా. అట్లకాడ దూర్చి పెంకు అంచు లేపినా.

"మే! అది నీ పక్క!" అన్నాడు, నాకు తెలీదేమో అన్నట్టు.

"అవును, నా పక్కే. పెంకు అందియ్యి."

అప్పుడు నిచ్చెన కిర్రుమనింది. మా ఆయన చేతి నుంచి పెంకొకటి నా చేతికందింది.

"ఇంకోటి" అన్నా.