ఈ ఏడు తొట్టి ఎవరిది

కప్పుల అంచుల నుంచి రోజంతా నీళ్లు కారే రోజులు వచ్చేసరికి వెర్ఖోవ్కా ఊళ్లో అందరికీ ఒకటే పని. షెడ్ల ముందు గట్టిపడ్డ మంచును పారలతో తవ్విపోసి, చలికాలమంతా లోపల పడుకున్న మోటారు సైకిళ్లను బయటికి లాగడం. ఆ ఊళ్లో బండి అంటే పక్కన తొట్టి ఉన్న బండే. బంగాళాదుంప బస్తాలు, గడ్డిమోపులు, పందిపిల్లలు, అత్తగార్లు అందరూ ఆ తొట్టిలోనే ప్రయాణం చేస్తారు.

అర్కాది బండి తొట్టికి ఒక అలవాటుంది. చలికాలం తర్వాత పైన కప్పిన పట్టా తీసినప్పుడు, ఆ ఏడాదంతా అందులో తిరగబోయే మనిషి వచ్చి కూర్చుంటే సీటు పొయ్యి పక్కన అరుగులా వెచ్చగా ఉంటుంది. ఇంకెవరు కూర్చున్నా రాయిలా చల్లగా తగులుతుంది. ఒక ఏడు అర్కాది తల్లికి వెచ్చబడింది. ఆ వేసవంతా ఆవిడని మోకాళ్ల నొప్పులకి బురద స్నానాలకని తిప్పాల్సి వచ్చింది. ఆ ఒక్కసారి తప్ప, పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ వెచ్చదనం అతని భార్య జోయాదే. కొట్లో రొట్టె కోసం వరసలో నిలబడ్డప్పుడు తొట్టి ఈసారి ఎవరికి కాగిందని ఎవరో ఒకరు అడిగేవారు. ఇంకెవరికి, నాకేనని జోయా చెప్పేది. ఏటిలో మంచు పగిలిందా అని అడిగినట్టే అదీను.

ఆ ఏడు పట్టా తీశాక జోయా అలవాటు ప్రకారం గౌను సర్దుకుని తొట్టిలోకి దిగింది. చలి నడుం దాకా పాకింది. ఆలస్యంగా వెచ్చబడుతుందేమోనని కదలకుండా కూర్చుంది. వెచ్చబడలేదు. ఇంజను దగ్గర వంగి పాత పెట్రోలు డబ్బాలోకి వదులుతున్న అర్కాది, వెచ్చగా ఉందా అని తలెత్తకుండా అడిగాడు. ఉందని చెప్పి ఆమె లేచి ఇంట్లోకి వెళ్లిపోయింది.

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ అన్నీ ఒక్కొక్కటిగా కలుపుకుంది. నడిచలికాలం నుంచీ మొగుడు మాటిమాటికీ బస్సెక్కి జిల్లా పట్నానికి పోతున్నాడు. కార్బురేటరు వాషర్ల కోసమంటాడు, తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఏమీ ఉండదు. వచ్చిన సాయంత్రం కళ్లు నల్లగా, పెద్దగా మెరుస్తూ ఉంటాయి, కుర్రతనంలో డాన్సు నుంచి తనని ఇంటికి దింపిన రాత్రి మెరిసినట్టు. పైగా ఈమధ్య తన కళ్లలోకి చూడడం మానేశాడు. ఏం మాట్లాడినా ఆమె చెవి వైపు చూసి మాట్లాడుతున్నాడు. తప్పు చేసినవాడే అలా చూస్తాడు. ఇక ఆకురాలే కాలంలో ఊరి ఆసుపత్రికి నర్సుగా వచ్చిన రిమ్మా ఉంది. ముప్పై దాటలేదు, పెళ్లి కాలేదు. అర్కాది ఎక్కిన బస్సే ఆమె కూడా ఎక్కడం జోయా తన కళ్లతో చూసింది. ఆసుపత్రి మెట్ల మీద ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకోవడం కూడా చూసింది.

మర్నాడు అర్కాది పెట్రోలు తేవడానికి వెళ్లిన వేళ రిమ్మా సంచీ భుజాన వేసుకుని కంచె పక్కనుంచి పోతోంది. జోయా పిలిచింది. ఒక్కసారి తొట్టిలో కూర్చుని చూడమంది. ఎందుకని రిమ్మా అడగలేదు. ఊళ్లో ఉన్న ఈ కొద్దికాలంలోనే ఆ తొట్టి సంగతి ఆమెకీ తెలిసిపోయింది. వెళ్లి కూర్చుంది, వెంటనే లేచింది.

"మంచుగడ్డలా ఉంది, జోయా పెత్రోవ్నా. ఇందులో నాకేం పనండీ?"

ఆ మాటకి జోయా గుండె తేలికపడింది. రిమ్మా వీధి మలుపు తిరిగేవరకే ఆ తేలిక. నిన్న తను కూడా అలాగే నిబ్బరంగా అబద్ధం చెప్పింది కదా. రిమ్మా కూర్చున్న చోట అరచెయ్యి పెట్టి చూసింది. చల్లగానే ఉంది. కానీ ఈ ఏడు తన చేతికి అది ఎలాగూ చల్లగానే ఉంటుంది.

అర్కాది పని సాగుతూనే ఉంది. చలికాలమంతా మంచం కింద ఉంచిన బ్యాటరీ తీసి బిగించాడు. నూనె మార్చాడు. కార్బురేటరు విప్పి, ముక్కలన్నీ వేళ్లతో తడిమి తడిమి తుడిచాడు. మునుపు పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం సూపు తాగేవేళకి బండి గర్జించేది. ఈసారి రోజుల తరబడి సాగుతోంది. మనసు ఇక్కడుంటే గదా అనుకుంది జోయా. అతను ప్లగ్గులు పొయ్యి మీద వేడెక్కించడానికి పెట్టి బయటికి వెళ్లగానే, గుడ్డతో ఒకటి తీసి ఏప్రాను జేబులో వేసుకుంది. ప్లగ్గు లేకపోతే బండి కదలదు. బండి కదలకపోతే ఆ తొట్టిలో ఎవత్తీ ఎక్కదు.

అతను వెతికాడు. పొయ్యి చుట్టూ, బూడిదలో, చివరికి షెడ్డు నేల మీద మోకాళ్ల మీద పాకుతూ అరచేతులతో తట్టి తట్టి వెతికాడు. ఆమెని ఒక్క మాట కూడా అడగలేదు. ఆ పాకడం చూడలేక, గొడవేదో ఇప్పుడే తేలిపోవాలని, జోయా తెల్లగుడ్డ మీద ప్లగ్గు పెట్టి పనిబల్ల మీద సరిగ్గా అతనికి ఎదురుగా ఉంచింది. నువ్వే తీశావా అని అడుగుతాడు, అప్పుడు తను అడగాల్సినవన్నీ అడగొచ్చు అనుకుంది.

అర్కాది లేచి బల్ల దగ్గరికొచ్చాడు. తిన్నగా ఆ గుడ్డ వైపే చూశాడు. చూసి, పక్కనున్న మేకుల డబ్బాలో చెయ్యి పెట్టి మళ్లీ వెతకసాగాడు.

"ఎదురుగానే ఉంది," అంది జోయా.

"ఎక్కడ?" అన్నాడతను.

జోయా అతని చెయ్యి పట్టుకుని ప్లగ్గు మీద పెట్టింది. అతను బోర్లించిన బకెట్టు మీద కూర్చుని చెప్పాడు. కంటి వెనక పొర ఎండిపోతోందట. చూసినచోటల్లా నడిమధ్యన బూడిదరంగు మచ్చ కనిపిస్తోంది, అంచులు మాత్రమే మిగిలాయి. పట్నంలో డాక్టరు చుక్కలు వేసి కళ్లు పెద్దవి చేసి చూశాడు, ఇది తిరిగిరాదన్నాడు. తోడుగా వచ్చి అతన్ని డాక్టరు గదిదాకా నడిపించింది రిమ్మాయే.

"నీ వైపు చూస్తే చెవిపోగు కనిపిస్తోంది, జోయ్కా. మొహం కనిపించడం లేదు. అందుకే చెవి వైపు చూసేవాణ్ణి. అప్పుడు మొహం కొంచెం తెలుస్తుంది."

జాలి వేసింది, కానీ దానికంటే ముందు పాత మంటే ఎగసింది.

"నిన్నగాక మొన్న ఊళ్లోకొచ్చిన పిల్లకి చెప్పావు. నాకు చెప్పలేదు."

"నీకు చెబితే బండి అమ్మించేస్తావు. ఈ ఒక్క వేసవీ నడుపుదామనుకున్నాను. దారి నాకు కంఠతా వచ్చు."

దారి అతనికి వచ్చు. లోయ మలుపులో ఎదురుగా దూసుకొచ్చే దుంగల లారీలకి అతని సంగతి తెలియదు. తనని పక్కన కూర్చోబెట్టుకునే తీసుకుపోయేవాడు. జోయా తొట్టి వైపు చూసింది.

"వెళ్లి అందులో కూర్చో," అంది.

అది ఆడవాళ్ల చోటని, ముసలాళ్ల చోటని గొణిగాడు. ఆమె అలాగే నిలబడింది. చివరికి అతను అంచు తడుముకుంటూ దిగి కూర్చున్నాడు. కరిగిన మంచుకి నానిన సీటు లోంచి సన్నగా ఆవిరి లేచింది. అర్కాది చేతి తొడుగులు తీసి రెండు అరచేతులూ సీటుకి ఆనించి చాలాసేపు తల దించుకుని ఉండిపోయాడు.

"కాలిపోతోంది," అన్నాడు నెమ్మదిగా.

ప్లగ్గు జోయాయే బిగించింది. తొట్టిలోంచి అతను చెబుతూ ఉంటే పెట్రోలు మీట తిప్పింది, చోకు లాగింది, తాళం తిప్పకుండా కిక్కు రెండుసార్లు మెల్లగా తొక్కింది, తాళం తిప్పి బలంగా తొక్కింది. బండి దగ్గింది, నల్లపొగ కక్కింది, ఆగిపోయింది. తిట్టుకుంటూ మళ్లీ తొక్కింది. షెడ్డు గోడలు అదిరేలా ఇంజను అందుకుంది.

ఆరిన పొలాల చుట్టూ తిరిగి తిరిగి నడపడం నేర్చుకుంది. కంచె కర్రలు కొన్ని విరిగాయి, అర్కాది గొంతు బొంగురుపోయింది. రోడ్ల మీద బురద గట్టిపడ్డాక ఒక ఉదయం పెద్దవీధిలోకి తీసింది. అతను తొట్టిలో మెడ నిక్కించి కూర్చుని, దారి పొడుగునా ఎవరెవరున్నారని అడుగుతూనే ఉన్నాడు. ఆమె చెబుతూ వచ్చింది. కొట్టు ముందు లిదా ఉంది, నోరు తెరుచుకుని చూస్తోంది. తపాలా మనిషి టోపీ తీశాడు. స్తెపాన్ కుక్క వెంటపడుతోంది.

ఆసుపత్రి మెట్ల మీద ఎండలో రిమ్మా నిలబడి చెయ్యి ఊపింది. ఎర్ర రుమాలు కట్టుకుంది, దాని కిందనుంచి జారిన జుట్టు రాగిలా మెరుస్తోంది.

"రిమ్మా ఉందా?" అడిగాడు అర్కాది.

"ఉంది."

"ఎలా ఉంది?"

"ఏముంది, మామూలుగానే ఉంది," అని జోయా వేగం పెంచింది.