బొట్టమ్మ డబ్బా

విజయనగరంలో నగరేశ్వరరావుగారి మామిడిరసం డబ్బాల షెడ్డులో నేను గుమస్తాని. మా సరుక్కి ఇంగ్లీషులో పెద్ద పేరే ఉంది గానీ దాన్ని చదివిన మొహం ఒక్కటీ లేదు. లేబులు మీద మామిడిపండు పట్టుకుని నవ్వుతున్న ఆడమనిషి, ఆవిడ నుదుట రూపాయి కాసంత బొట్టు. అందుకని ఊరూరా "బొట్టమ్మ డబ్బా" అనే అడిగేవారు.

ఆ బొమ్మ వేసింది సైన్‌బోర్డులు రాసే ఎల్లాజీ. పెళ్లాం నీలవేణిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వేశాడు. శివకాశిలో అచ్చయి వచ్చిన లేబుళ్లను మైదా జిగురుతో డబ్బాలకు అంటించే పని కూడా నీలవేణిదే. నీ మొహం నువ్వే అంటించుకుంటున్నావే అని మేం ఏడిపిస్తే మూతి ముడుచుకునేది, లోపల మురిసిపోయేది.

అరవై ఎనిమిదిలో, వానలు మొదలైన కొత్తలో, ఎల్లాజీ సినిమా బోర్డు రాస్తూ పరంజా మీంచి జారిపడి పోయాడు. పదకొండో రోజున నీలవేణి బొట్టు చెరిపారు, గాజులు తీశారు. నెల తిరక్కుండా పనిలోకి వచ్చింది. తినాలి కదా.

ఆమదాలవలసలో కొట్టున్న భీమశంకరరావు సరుకు కోసం వచ్చి ఆమెను చూశాడు, డబ్బాను చూశాడు.

"ఏటండీ ఇది, బొట్టమ్మ ముండమోసినాదా? శ్రావణం పెళ్లిళ్లకి ఈ డబ్బా ఎవుడు కొంతాడు?" అన్నాడు, ఆమె వింటుండగానే. ఆ నోరు పడిపోవాలని ఈనాటికీ నా కోరిక.

మా షావుకారు ఆ సాయంత్రమే తేల్చేశారు. ఉత్త మామిడిపండు బొమ్మతో కొత్త లేబుళ్లు ఊళ్లోనే అచ్చు వేయించి, షెడ్డులో ఉన్న నాలుగు వందల డబ్బాల మీద పాత బొమ్మ కనపడకుండా అంటించాలి.

నీలవేణి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబూ, నా బొట్టు తీసీసినారు. ఆయన కుంచెతో ఎట్టిన బొట్టు అదొక్కటే మిగిలినాది. దాన్నైనా ఉంచమని సెప్పండి."

"ఒక లేబులు తీసుకెళ్లి దాచుకో," అన్నాను.

"ఇంట్లో మా అత్త సింపేస్తాది. బజార్లో అయితే బతికుంటాది బాబూ."

చెబుతానని మాటిచ్చి షావుకారు గదిలోకి వెళ్లాను. ఆయన తలెత్తి "ఏటి?" అన్నారు. నా ఉద్యోగం గుర్తొచ్చింది. జిగురుకి మైదా అయిపోయిందని చెప్పి బయటికి వచ్చాను. షావుకారు ఒప్పుకోలేదని ఆమెతో అబద్ధమాడాను. సిగ్గులేని బతుకు.

కొత్త లేబుళ్లు వచ్చిన రోజు నీలవేణే జిగురు గిన్నె ముందేసుకుని కూర్చుంది. చూడలేక, ఇంటికి వెళ్లిపో, నీతో పనిచేసే కూర్మమ్మ అంటిస్తుందిలే అన్నాను.

"కూర్మమ్మది మోటుసెయ్యి బాబూ. మొహం మీద గట్టిగా రుద్దేస్తాది," అంది.

నాలుగు వందల డబ్బాలకూ తనే అంటించింది, మెల్లిగా.