నీలం తాడు

ఆ రోజు పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపి ఇవ్వనూ లేదు. మబ్బు ఇళ్ళ కప్పుల మీదికి దిగి అక్కడే ఆగిపోయింది. ఏదీ ఆరని రోజు. నా బల్ల మీదున్నదేమో తడిసిన ఫోను.

పోలీసులకు ఫోన్లు తెరిచి చూసిపెట్టడం నా ఉద్యోగం. సీలు వేసిన సంచిలో ఫోను వస్తుంది. దాంతోపాటు ఒక కాగితం, దాని మీద కేసు నంబరు, వాళ్ళకు కావలసిన ప్రశ్న. ఈసారి ప్రశ్న ఒక్కటే: గుద్దిన బండి నంబరు ఇందులో దొరుకుతుందా?

చనిపోయినాయన భార్య వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. మూడు రోజులుగా వస్తోంది. కాపలా డ్యూటీ దిగి తెల్లవారుజామున నడిచి వస్తుంటే ఆయన్ని ఏదో బండి గుద్ది వెళ్ళిపోయింది. ఫోను పక్కనున్న మురుగుకాలవలో దొరికింది.

"ఆరిందా బాబూ?"

"ఇవాళ తెలుస్తుందమ్మా."

"నిన్నా ఇవాళే అన్నావు."

ఫోను విప్పి లోపలి పలకను స్పిరిట్‌లో కుంచె ముంచి కడిగాను. పాత బ్యాటరీ తీసేసి బయటినుంచి కరెంటు ఇచ్చాను. నాలుగోసారికి వెలిగింది. తెరిచే అంకెలు ఆమె ముందే చెప్పి ఉంది. లోపలున్నదంతా నకలు తీసి, అసలును మళ్ళీ సంచిలో పెట్టి సీలు వేశాను.

చివరి ఫోటో అయిదూ నలభై రెండుకి తీసింది. ఆ తర్వాత ఫోను లెక్కపెట్టిన అడుగులు నలభై ఒకటి. అంటే దెబ్బ తగిలాక ఆయన లేచాడు, ఫోటో తీశాడు, నడిచాడు.

ఫోటోలో పాల వ్యాను వెనకభాగం కనిపిస్తోంది. నంబరు నిండా బురద. తలుపు బందు ఊడితే నీలం తాడుతో కట్టి ఉంది. ముడి కొసను లోపలికి రెండుసార్లు దోపారు. గడ్డిమోపుకు మా నాన్న వేసే ముడి అది. పోయిన ఆదివారం మా వాకిట్లో నేనే వేశాను.

బండి మా బావమరిదిది. మాతోనే ఉంటాడు. ఆ రోజు ముడి లాగి చూసి, "బావా, ఇది విప్పాలంటే మళ్ళీ నువ్వే రావాలి" అన్నాడు.

"విప్పడం దేనికి? కొత్త బందు వేయించు."

"నువ్వుండగా బందెందుకు, దండగ."

మూడు రోజులుగా అతను జ్వరమని పనికి పోలేదు. జ్వరం మనిషి వెనకసందులో బండి కడుగుతుంటే చూశాను. ఎందుకని అడగలేదు.

కాగితం మీద "దొరకలేదు" అని రాశాను. అందులో అబద్ధం లేదు. లేచి నీళ్ళు తాగాను. కూర్చోబుద్ధి కాలేదు. బల్ల నుంచి తలుపుకి పదకొండు అడుగులు. వద్దనుకున్నా కాళ్ళు లెక్కపెడుతున్నాయి. రెండోసారి తలుపు దాకా వెళ్ళి, తిరిగి బల్ల దగ్గరికి చేరకముందే నలభై ఒకటి అయింది. అక్కడే ఆగిపోయాను.

తలుపు సందులోంచి ఆమె చూసింది. "పడగానే పోయాడన్నారు బాబూ. అలాంటివి కూడా ఫోనులో తెలుస్తాయా?"

"తెలుస్తాయమ్మా."

"అయితే ఏది ఉంటే అది రాయి."

వెనక్కి వచ్చి "దొరకలేదు" కింద ఇంకో రెండు వాక్యాలు రాసి, కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ మేడంకి ఇచ్చాను. ఆవిడ రెండుసార్లు చదివింది.

"నంబరు లేదన్నావు. అడుగుల లెక్క రాశావు. బాగానే ఉంది. ఈ మూడోది నిన్నెవరూ అడగలేదే?"

"అడగలేదు మేడం."

"ఇక ఈ కేసు నీ చేతిలో ఉండదు."

"తెలుసు."

"ఇంట్లో చెప్పావా?"

"లేదు."

నా ఫోను అడిగింది. ఇచ్చాను. దాన్ని జేబులో వేసుకుని నన్ను జీపు ఎక్కమంది.

మేం వెళ్ళేసరికి మా ఆవిడ తమ్ముడికి అన్నం వడ్డిస్తోంది.

"ఏంటి బావా, ఇవాళ ఆఫీసువాళ్ళు తరిమేశారా?" అన్నాడు. అంతలో నా వెనక మేడంని చూశాడు.

"ముడి ఫోటోలో పడిందిరా."

చేతిలో ముద్ద కంచంలో వదిలేశాడు. మెల్లిగా అన్నాడు: "అద్దంలో చూశాను బావా. లేచి నిలబడ్డాడు. నిలబడ్డాడు కదా, ఏం కాలేదులే అనుకున్నా."

"నలభై ఒక్క అడుగులు నడిచాడు."

మా ఆవిడ గరిటె పట్టుకునే నా వైపు తిరిగింది. "మీరేనా రాసింది?"

"నేనే."

"తిననివ్వండి. గుమ్మంలో ఉంటాం," అని మేడం బయటికి జరిగింది.

మా ఆవిడ గరిటె కింద పెట్టింది. తర్వాత ఇంకో రెండు కంచాలు తెచ్చి, ఒకటి నా ముందు పెట్టి, ఇంకోటి తను పెట్టుకుని తమ్ముడి పక్కన కూర్చుంది. అతను కలిపాడు. నేనూ కలిపాను. బయట జీపు ఇంజను ఆపలేదు. మూడు రోజుల్లో మొదటిసారి అతని కంచం ఖాళీ అయింది. నాది కాలేదు.