తొమ్మిదింటిలో మూడే

గుంటూరు మిర్చి యార్డులో హమాలీగా పనిచేసే లక్ష్మీకాంత్‌కి బాడీబిల్డింగంటే ప్రాణం. చీరాలలో పోటీలకి ఇంకా మూడు నెలలే ఉన్నాయి. కొవ్వు కరగాలని అన్నం సగానికి తగ్గించాడు, గుడ్లూ పప్పూ మానేశాడు. వాటి బదులు అమైనో ఆమ్లాల పొడి నీళ్లలో కలుపుకుని రోజుకు మూడుసార్లు తాగేవాడు.

"ఇది తాగితే చాలు, కండ కరగదురా" అన్నాడు జిమ్ మాస్టారు బుల్లయ్య. మాస్టారి మాట అతనికి వేదం.

నెల తిరక్కుండానే, ఓ మధ్యాహ్నం మిర్చి బస్తా మోస్తుండగా కళ్లు బైర్లు కమ్మి కుప్పకూలాడు. దెబ్బలేం తగల్లేదు. డాక్టరు చూసి, తిండి చాలడం లేదన్నాడు. పొడి తాగుతుంటే చాలకపోవడమేమిటో అతనికి అర్థం కాలేదు.

మోకాలి నొప్పికి వ్యాయామం చేయడానికి ఆ జిమ్‌కే వచ్చే నస్రత్, కాలేజీలో పోషకాహారం పాఠం చెబుతుంది. సంగతి తెలిసి ఆ పొడి డబ్బా అడిగి తీసుకుంది. రెండు రోజుల తర్వాత చేతిలో కాగితాలతో వచ్చింది.

"దీని మీద జరిగిన పరిశోధనలు దొరికినన్ని చదివానండీ. కండ కట్టడానికి తిండి నుంచే రావలసిన అమైనో ఆమ్లాలు తొమ్మిది. ఇందులో ఉన్నవి మూడే. తాపీమేస్త్రి వచ్చి నిలబడ్డాడు గానీ ఇటుకలు లేవనుకోండి, గోడ లేస్తుందా?"

"అయితే ఇది మోసమా మేడం?"

"అలా అనను. ఒళ్లునొప్పులు కాస్త తగ్గినట్టు కొన్ని పరిశోధనల్లో కనిపించింది. కానీ మాంసకృత్తులు సరిపడా తినేవాళ్లకి దీనివల్ల అదనంగా కండ పెరుగుతుందనడానికి గట్టి రుజువు లేదు. తిండికి బదులు మాత్రం ఇది కానే కాదు. గుడ్లు, పప్పు, పెరుగు, చేపలు మళ్లీ మొదలుపెట్టండి."

బుల్లయ్య అంతా విన్నాడు. కోప్పడతాడేమోనని లక్ష్మీకాంత్ బిక్కచచ్చిపోయాడు.

"నాకు నేర్పినవాళ్లు చెప్పిందే నీకూ చెప్పానురా. చదివి చూడాలని తోచలేదు" అన్నాడు మాస్టారు. తర్వాత నస్రత్ వైపు తిరిగాడు. "ఆదివారం జిమ్ పిల్లలందరికీ ఇదే చెప్పండమ్మా. ముందు వరసలో నేను కూర్చుంటా."

అన్న మాట ప్రకారం కూర్చున్నాడు కూడా.

లక్ష్మీకాంత్ కడుపునిండా తిన్నాడు. యార్డులో మళ్లీ కళ్లు తిరగలేదు, జిమ్‌లో మునుపటికన్నా బరువెత్తాడు. చీరాల పోటీల్లో నాలుగో స్థానం వచ్చింది. పతకం రాలేదు. అయినా స్టేజీ మీద నిటారుగా నిలబడినప్పుడు, తన ఒళ్లు తనకే ముద్దొచ్చింది.

మర్నాడు కాలేజీ గేటు దగ్గర నస్రత్ కోసం నిలబడ్డాడు.

"బస్తాలు మోసేవాడిని. నా కోసం ఒకరు రెండు రోజులు కూర్చుని చదవడమేంటి మేడం..." అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"మీరు అడిగి ఉంటే ఇంకా ముందే చదివేదాన్ని" అంది నస్రత్. "లోపలికి రండి, మా విద్యార్థులకి ఆ నెల రోజుల సంగతి మీ నోటితో చెబుదురుగాని."

గుమ్మం దగ్గర అతను చెప్పులు విప్పబోతుంటే వద్దని వారించి, తరగతిలోకి తీసుకెళ్లింది.